పాత కారు వైరింగు: లైటు వెలిగించి కొలవండి

అందరికీ నమస్కారం. అంబాసిడర్లను, పద్మినీలను హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇప్పటికీ తిప్పుతున్న మీ అందరినీ ఒకచోట చూడటం నాకు చాలా సంతోషంగా ఉంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే చివర్లో వచ్చిన బండి వైరింగుకి కూడా పదేళ్లు దాటాయి. ఇంజనుకి, పెయింటుకి లక్షలు పెడతాం. వైరు తెగితే మాత్రం రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టేస్తాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మెలిపెట్టిన చోట రాగి పోగులు పైపైనే తగులుతుంటాయి. మన ఎండలకి బానెట్ కింద టేపు జిగురు కరిగి జారిపోతుంది. వానాకాలంలో తేమ చేరి రాగికి చిలుము పడుతుంది. అప్పుడు కరెంటు కష్టంగా పోతుంది, ఆ చోటు వేడెక్కుతుంది, వేడికి చిలుము ఇంకా పెరుగుతుంది.

సోల్డరింగ్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కరెంటు బాగానే పోతుంది. కానీ కరిగిన సోల్డర్ పోగుల మధ్యకి పాకి వైరుని పుల్లలా బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగిన చోటే, ఇంజను అదురుకి వంగి వంగి, వైరు తెగుతుంది. అందుకే నా ఓటు క్రింపింగుకే, అంటే వైరు కొసకి లోహపు ముక్క తొడిగి గట్టిగా నొక్కి బిగించడానికే. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే చాలదు. వైరు సైజుకి తగిన లగ్గు, అంటే ఆ లోహపు ముక్క, ఆ లగ్గుకి తగిన రాచెట్ టూల్, అంటే పూర్తిగా నొక్కేదాకా వదలని పట్కారు, కావాలి. సరిగ్గా నొక్కితే గాలి దూరే సందు కూడా ఉండదు. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే షెడ్డులోనే ఊడాలి, రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు. దాని మీద, వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే, లోపల జిగురున్న ష్రింక్ స్లీవ్ వేయండి.

ఇక ఎర్త్. కారులో కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరు బాడీయే. కొత్తగా పెయింటు వేయించాక లైట్లు మసకబారాయంటే ముందు ఎర్త్ లగ్గు కింద చూడండి, అక్కడ రంగు ఉంటుంది. మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది పాడైతే స్టార్టరు లాగే వంద ఆంపియర్లకు పైగా కరెంటు చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. అది ఎర్రగా కాలిపోవచ్చు.

మల్టీమీటరు బీప్ అన్నంత మాత్రాన జాయింటు బాగుందని నమ్మకండి. ఒక్క పోగు తగిలినా బీప్ వస్తుంది. కానీ హెడ్‌లైటు బల్బుకి 5 ఆంపియర్లు కావాలి. లైటు వెలిగించి, మీటరుని వోల్టుల్లో పెట్టి, ఒక కొస బల్బు ఎర్త్ దగ్గర, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ దగ్గర ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపిస్తే మధ్యలో ఎక్కడో జాయింటు పాడైనట్టే. బల్బుకి అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపిన పాత బ్రిటిష్ బండ్లకి ఇదే కొలతలో రెండో కొస బ్యాటరీ పాజిటివ్ దగ్గర ఆనించాలి.

బల్ల మీద వైర్లు, లగ్గులు, టూల్ పెట్టాను. వచ్చి తలా ఒకటి నొక్కి, లాగి చూడండి. ఇంటికెళ్లి బండి మీద మొదలుపెట్టేటప్పుడు మాత్రం ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పండి.