తల్లి మీద ఎత్తిన కత్తి: ఒకే హత్య, ముగ్గురు కవులు

అందరికీ నమస్కారం.

శత్రువును శత్రువు చంపితే చూసేవాళ్లకు పెద్దగా జాలి కలగదనీ, అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య, తల్లీబిడ్డల మధ్య జరిగే ఘోరాలనే కవి వెతుక్కోవాలనీ అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెప్పాడు. ఉత్తమ ట్రాజెడీలు కొద్ది వంశాల చుట్టూనే తిరుగుతాయని కూడా అన్నాడు. ఆ వంశాల్లో ఏట్రియస్ వంశం ఒకటి. ఆ ఇంట్లో ఒరెస్టీస్ కన్నతల్లిని చంపిన ఘట్టం మీద ప్రాచీన గ్రీకు నాటకకవులు ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ ముగ్గురి నాటకాలూ మనకు దక్కడం గొప్ప అదృష్టం. ఈ రోజు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు కథ. ఏట్రియస్ తన తోడబుట్టిన థయెస్టీస్‌ను విందుకు పిలిచి, అతని పిల్లల మాంసాన్నే వండి వడ్డించాడు. ఏట్రియస్ కొడుకు అగమెమ్నాన్. థయెస్టీస్ కొడుకుల్లో బతికి బయటపడినవాడు ఈజిస్తస్. ట్రాయ్ యుద్ధానికి బయలుదేరిన ఓడలు ఔలిస్ రేవులో నిలిచిపోతే అగమెమ్నాన్ కన్నకూతురు ఇఫిజెనియాను బలి ఇచ్చాడు. పదేళ్ల తర్వాత గెలిచి ఇంటికి వచ్చిన రోజే భార్య క్లైటెమ్నెస్ట్రా అతన్ని స్నానశాలలో వస్త్రంలో చుట్టేసి, మూడు దెబ్బలు వేసి చంపింది. ఆమెకు తోడు ఈజిస్తస్. ఇక మిగిలింది కొడుకు ఒరెస్టీస్. తండ్రి పగ తీర్చాలంటే తల్లిని చంపాలి. తల్లిని వదిలేస్తే తండ్రికి ద్రోహం చేసినట్టే.

ఈస్కిలస్ క్రీ.పూ. 458లో ప్రదర్శించిన నాటకత్రయంలో రెండోది ఈ ఘట్టానిది. ఇందులో ముందు ఈజిస్తస్ చస్తాడు, అదీ తెర వెనక, చకచకా. కవి బలమంతా తర్వాతి హత్య కోసం దాచుకున్నాడు. తల్లి పాలిచ్చిన రొమ్ము చూపించగానే ఒరెస్టీస్ చెయ్యి ఆగిపోతుంది. "పిలడీస్, ఏం చేయను?" అని మిత్రుణ్ణి అడుగుతాడు. అంతవరకూ ఒక్క మాటైనా మాట్లాడని పిలడీస్ అప్పుడు నోరు విప్పి, తల్లిని చంపమన్న అపోలో దేవుడి ఆజ్ఞను గుర్తుచేస్తాడు. నాటకం మొత్తంలో అతనివి మూడే పంక్తులు. మాట్లాడే నటులు ముగ్గురే ఉండే ఆ రంగస్థలం మీద, ఇతను మూగపాత్రేనని చూసేవాళ్లు అనుకుని ఉంటారు. అందుకే ఆ మూడు పంక్తులు దేవుడే పలికినట్టు పడతాయి. ఈ నాటకం ఆడించేవాళ్లు పిలడీస్‌కు మొదట్లోనే రెండు ముక్కలు చెప్పనిస్తే ఈ దెబ్బ తగలదు.

మూడో నాటకంలో ఎరినీలు, అంటే రక్తసంబంధుల హత్యకు పగతీర్చే దేవతలు, ఒరెస్టీస్‌ను తరుముతారు. క్లైటెమ్నెస్ట్రాను ఎందుకు తరమలేదని అడిగితే, ఆమె చంపినవాడు ఆమె రక్తసంబంధి కాదంటారు. చివరికి జరిగిన న్యాయవిచారణలో, కన్నది తండ్రే, తల్లి విత్తనాన్ని పెంచేది మాత్రమే అని అపోలో వాదిస్తాడు. ఎథీనా దేవత ఓటు కలిశాక ఓట్లు సరిసమానమై ఒరెస్టీస్ విడుదలవుతాడు. తీర్పు నిలిచింది కానీ, అపోలో వాదన ఆ తల్లి చావుకు జవాబు కాలేదనే నేను నమ్ముతున్నాను.

సోఫోక్లీస్ వరస తిరగేశాడు. తల్లి ముందు, ఈజిస్తస్ తర్వాత. చిన్న మార్పులా కనిపిస్తుంది, కానీ దాంతో మాతృహత్య నాటకానికి ముగింపు కాకుండా పోతుంది. తల్లి చచ్చాక కూడా ప్రేక్షకుడు ఈజిస్తస్ ఎప్పుడు దొరుకుతాడా అని ఎదురుచూస్తుంటాడు. ఒరెస్టీస్ చనిపోయాడన్న అబద్ధపు కబురు నమ్మి, అతని శవమనుకుని ముసుగు తీసిన ఈజిస్తస్‌కు కనిపించేది క్లైటెమ్నెస్ట్రా శవం. ఎరినీలు రానే రారు. ఇక్కడ చితికిపోయింది ఒరెస్టీస్ అక్క ఎలెక్ట్రా. బతికున్న తమ్ముడి బూడిద అనుకుని ఖాళీ కలశాన్ని పట్టుకుని ఏడ్చిన ఆమే, లోపల తల్లి కేక వినపడగానే "బలముంటే ఇంకో దెబ్బ వెయ్యి" అని బయట నుంచి అరుస్తుంది. ఇన్నేళ్ల పగ ఆ పిల్లను ఏం చేసిందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

యూరిపిడీస్ కథను పల్లెకు, ఒక పేద రైతు గుడిసెకు తెచ్చాడు. ఎలెక్ట్రా ఆ రైతుకు పేరుకు మాత్రమే భార్య. ఈజిస్తస్, తెలియని అతిథులను ఆదరంగా పిలిచి, వనదేవతలకు బలి ఇస్తూ వంగినప్పుడు వెనక నుంచి దెబ్బ తింటాడు. తల్లిని రప్పించడానికి ఎలెక్ట్రా వేసిన ఎత్తు ఇంకా దారుణం: తనకు బిడ్డ పుట్టి పది రోజులైందని కబురు పంపుతుంది. కూతురి పురుడని తెలిసి తల్లి వస్తుంది. చేసినవాటికి తనకేమంత సంతోషంగా లేదని కూడా ఒప్పుకుంటుంది. అలా వచ్చిన తల్లిని ఒరెస్టీస్ వస్త్రం కళ్లకు అడ్డం పెట్టుకుని పొడుస్తాడు, ఎలెక్ట్రా కూడా కత్తి మీద చెయ్యి వేస్తుంది. బయటికి వచ్చాక ఇద్దరూ కుప్పకూలిపోతారు.

అప్పుడు చనిపోయినామె సోదరుడే, దేవుడైన కాస్టర్, పైన ప్రత్యక్షమవుతాడు. అపోలో జ్ఞానే గానీ నీకిచ్చిన ఆజ్ఞలో జ్ఞానం లేదని ఒరెస్టీస్‌తో అంటాడు. ఈస్కిలస్‌లో పిలడీస్ నోట వచ్చి చేతిని ముందుకు నడిపించిన ఆజ్ఞ అదే. ఇక్కడ దాన్ని సాటి దేవుడే తప్పుపట్టాడు, అయినా శిక్ష తగ్గలేదు. ఎలెక్ట్రా పిలడీస్‌ను పెళ్లాడాలి, ఒరెస్టీస్ ఆర్గోస్ విడిచి పోవాలి. ఇన్నేళ్లకు కలిసిన అక్కాతమ్ముళ్లు ఆ రోజే విడిపోవాలి.