తొలి వానకే చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయి?

(ఊరి మురుగు, నది పరిస్థితిపై స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: మురుగునీటి విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీర్, నీటి జీవశాస్త్రం బోధించే లెక్చరర్, నది ఒడ్డున నివసించే ఒక గృహిణి.)

యాంకర్: నమస్కారం. ముందు నది పక్కనే ఉంటున్నవారి మాట విందాం. మేడమ్, తొలి వాన పడ్డ మర్నాడు మీరేం చూశారు?

గృహిణి: తెల్లవారకముందే కంపుకు మెలకువ వచ్చిందండి. వెళ్లి చూస్తే నీళ్లు నల్లగా ఉన్నాయి. ఒడ్డు పొడవునా చేపలు తేలి ఉన్నాయి. కొన్ని ఇంకా చావలేదు, నోళ్లు తెరుచుకుని నీటి పైకి వస్తున్నాయి. వాన పడితే నది కాస్త శుభ్రపడుతుందని ఎండాకాలమంతా ఎదురుచూశాం. "వాన నీళ్లు మంచివే కదమ్మా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని మా పిల్లాడు అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

లెక్చరర్: అవి నోళ్లు తెరిచి పైకి వచ్చాయన్నారు కదా, జవాబు అక్కడే ఉంది. వాటికి ఊపిరి అందలేదు. నీటిలో కరిగే ఆక్సిజన్ చాలా కొంచెం. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో మహా అయితే 9 మిల్లీగ్రాములు ఉంటుంది. నీరు వేడెక్కి 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నరకు పడిపోతుంది. చాలా రకాల చేపలకు కనీసం నాలుగైదు ఉండాలి. ఇప్పుడు మురుగు సంగతి చూడండి. శుద్ధి చేయని ఇళ్ల మురుగు ఒక్క లీటరు ఉంటే, దాన్ని తినే బ్యాక్టీరియా అయిదు రోజుల్లో 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ వాడేస్తుంది. బీఓడీ అని మనం వినేది ఈ లెక్కే. అంటే లీటరు మురుగు పాతిక, ముప్పై లీటర్ల మంచినీటిలోని ఊపిరిని తోడేస్తుంది.

యాంకర్: కానీ మురుగు రోజూ కలుస్తూనే ఉంది కదా. వాన పడ్డ రోజే ఇంత నష్టం ఎందుకు?

ఇంజినీర్: ఎండాకాలంలో పైపుల్లో పారకం మందగిస్తుందండి. సెకనుకు దాదాపు 60 సెంటీమీటర్ల వేగం లేకపోతే మడ్డి కదలదు, అడుగున పేరుకుపోతుంది. నెలల తరబడి పేరుకున్న ఆ మడ్డినంతా తొలి వాన గంటలో ఊడ్చుకొచ్చి నదిలో పోస్తుంది. ఆ సమయానికి నదిలో నీళ్లు కూడా తక్కువే. ఆ తర్వాత పడే వానలు ఇంత చెడు చేయవు.

యాంకర్: శుద్ధి కేంద్రం ఉన్నది దానికే కదా సార్? పైగా సామర్థ్యం పెంచామని బోర్డు కూడా పెడుతున్నారు.

ఇంజినీర్: బోర్డు మీద అంకె కేంద్రం ఎంత తీసుకోగలదో చెబుతుంది. ఎంత మురుగు అక్కడికి చేరిందో చెప్పదు. పొద్దున అందరూ ఒకేసారి స్నానాలు, బట్టలు, గిన్నెలు మొదలుపెడతారు. ఆ రెండు మూడు గంటల ఒత్తిడికి సగటు లెక్కలు చాలవు. ఇక వాన పడితే విరిగిన అతుకుల్లోంచి, మ్యాన్‌హోల్ మూతల్లోంచి, తప్పుగా కలిపిన డాబా పైపుల్లోంచి వాన నీరంతా మురుగు లైన్లోకి దిగుతుంది. కేంద్రం అంత నీటిని తీసుకోలేదు.

లెక్చరర్: తీసుకున్నా నష్టమే. అక్కడ మురుగును శుభ్రం చేసేది సూక్ష్మజీవులు. గాలి ఊదుతూ వాటితో పని చేయించే ఆ పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో బయటికి వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా ప్రధానంగా దాని మీదే నడుస్తోంది. వరదలా నీరు వస్తే ఆ జీవులే కొట్టుకుపోతాయి. మళ్లీ పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

యాంకర్: మరి కేంద్రం తీసుకోలేని నీరు ఎక్కడికి పోతుంది?

ఇంజినీర్: నదిలోకే. దానికో గేటు ఉంటుంది. (కాసేపు ఆగి) ఆ గేటు నేనే చాలాసార్లు ఎత్తించాను. వాన రాత్రి పంపింగ్ స్టేషన్‌లో కరెంటు పోతుంది, సంప్ నిండుతూ ఉంటుంది. గేటు ఎత్తకపోతే మురుగు వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తుంది. ఆ టెన్షన్‌లో ఇంకో దారి కనిపించేది కాదు.

గృహిణి: సార్, ఎత్తడం తప్పనిసరేమో, నేను కాదనను. కానీ ఎత్తామని మాకు ఒక్కమాట చెబితే పిల్లల్ని నీళ్లలోకి దిగనిచ్చేవాళ్లం కాదు కదా!

ఇంజినీర్: చెప్పలేదమ్మా. చెప్పాల్సింది. ఎన్ని గంటలు తెరిచామో రిజిస్టర్‌లో కూడా సరిగా రాయలేదు.

లెక్చరర్: ఈ లెక్క రాసే పని ఆలస్యం లేకుండా మొదలుపెట్టొచ్చు. ఇంగ్లండ్‌లో 2023 చివరికి వాన నీటితో కలిసిన మురుగును వదిలే దారులన్నిటికీ మీటర్లు పెట్టారు. ఆ ఒక్క ఏడాదిలోనే ఆ దారులు మొత్తం 36 లక్షల గంటలు మురుగు వదిలినట్టు తేలింది. లెక్క బయటపడ్డాక ఎవరూ దాన్ని పక్కన పెట్టలేకపోయారు.

యాంకర్: లండన్‌లో మురుగు కోసం పెద్ద సొరంగం కట్టారు కదా?

ఇంజినీర్: అవును, 25 కిలోమీటర్ల సొరంగం. 2025లో పూర్తిగా వాడకంలోకి వచ్చింది. 1858 వేసవిలో అక్కడి థేమ్స్ నది కంపుకు పార్లమెంటే నిలవలేకపోయాక, బాజల్‌గెట్ అనే ఇంజినీర్ పెద్ద లైన్లు వేయించాడు. ముందుచూపుతో వెడల్పుగానే వేశాడు. అయినా జనం ఆయన వేసుకున్న లెక్కకు రెట్టింపు దాటారు. కానీ అందరికీ సొరంగమే మందు అని నేను అనను. ముందు ఉన్న పైపులు ఎక్కడికి పోతున్నాయో తెలియాలి.

లెక్చరర్: ఒక్క మాట చెప్పనివ్వండి. అదే థేమ్స్‌లో జీవం లేదని 1957లో తేల్చారు. మురుగు శుద్ధి మెరుగుపడి, ఆక్సిజన్ తిరిగి వచ్చాక చేపలు కూడా తిరిగి వచ్చాయి. నదికి ఊపిరి ఇస్తే అది బతుకుతుంది. నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ మాట దగ్గర తప్పకుండా ఆగుతాను.

యాంకర్: ఉన్న పైపులు తెలుసుకోవాలన్నారు సార్. ఎలా?

ఇంజినీర్: మురుగు లైన్లోకి పొగ ఊదితే ఎక్కడెక్కడ తప్పు కనెక్షన్లు ఉన్నాయో అక్కడ పొగ పైకి వస్తుంది. ఇళ్ల పైపుల్లో రంగు నీళ్లు పోసి కూడా చూస్తాం. వాన నీటి కాలువకు కలిపేసిన ఇళ్లు అలా దొరుకుతాయి. ఆ ఇళ్ల మురుగు శుద్ధి కేంద్రం ముఖమే చూడదు. మీరు ఎంత పెద్ద కేంద్రం కట్టినా అది నేరుగా నదికే పోతుంది.

గృహిణి: ఈ పరికరాలు లేకుండా మేము కనిపెట్టలేమా?

ఇంజినీర్: ఒక గుర్తు ఉందమ్మా. వారం పది రోజులు వాన లేకపోయినా వాన నీటి కాలువలో నీరు పారుతూ, కంపు కొడుతూ ఉంటే అది ఇళ్ల మురుగే.

గృహిణి: మా వీధి చివర కాలువ అలాంటిదే సార్. నేను ఆ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్లు. ఎంత ఎండలు కాసినా అది ఎండిపోవడం ఒక్కరోజు కూడా చూడలేదు.