40 నిమిషాల పీటీ పీరియడ్, 55 సెకన్ల పరుగు

[తెర మీద: సాయంత్రం ఆరున్నర, బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్. బళ్ళన్నీ నిలిచిపోయి ఉన్నాయి.]

మన బెంగళూరులో సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటడానికి గంట పట్టిందనుకోండి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "గంట నుంచీ బండి మీదే ఉన్నా" అంటాం. ఆ గంటలో చక్రం తిరిగింది ఎంతసేపు? పది నిమిషాలో, పన్నెండో. మిగతాదంతా బ్రేకు మీద కాలు, ముందు బండి వెనక నంబరు చదువుకోవడం.

ఈ బొమ్మని మనసులో ఉంచుకోండి. వీడియో అంతా దీంతోనే లాగిస్తాను.

మారతహళ్ళి, బెళ్ళందూరు, కేఆర్ పురం... మన తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో బడి ప్రస్తావన వస్తే ఒకటే మాట. "మావాడి స్కూల్లో వారానికి రెండు పీటీలు, ఎకరం గ్రౌండు. ఇంకేం కావాలండీ?" ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పీరియడ్ 40 నిమిషాలన్నది రోడ్డు మీద ఉన్న టైం. పిల్లల గుండెకీ ఎముకకీ కావలసింది చక్రం తిరిగిన టైం.

లెక్క వేద్దాం.

[తెర మీద: స్టాప్‌వాచ్. 40:00 నుంచి వెనక్కి.]

ఎనిమిదో తరగతి, 48 మంది. మూడో అంతస్తు నుంచి వరుసగా దిగి గ్రౌండుకి రావడానికి 5 నిమిషాలు. లైను, హాజరు ఇంకో 5. సార్ ఆట వివరించడానికి 3. చేతులు కడుక్కుని పైకెక్కడానికి చివర్లో 5. మిగిలింది 22 నిమిషాలు. ఈరోజు బాస్కెట్‌బాల్. రెండు లైన్లు, లైనుకి ఒక బంతి, లైనులో 24 మంది. ఒకడు పరిగెత్తి బుట్టలో వేసి బంతి వెనక్కివ్వడానికి 10 సెకన్లు. 22 నిమిషాల్లో 132 సార్లు పడుతుంది. దాన్ని 24తో భాగిస్తే మనిషికి అయిదున్నర సార్లు. అంటే 55 సెకన్లు.

40 నిమిషాల పీరియడ్‌లో 55 సెకన్లు! సిల్క్ బోర్డే నయం.

[తెర మీద: 60 నిమిషాలు]

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి చెప్పింది రోజుకి కనీసం 60 నిమిషాలు, మధ్యరకం నుంచి గట్టి శ్రమ. అది వారం మొత్తానికి సగటు. ఒకరోజు 40 అయి మర్నాడు 80 అయినా చెల్లుతుంది. వారంలో కనీసం మూడు రోజులు గట్టిగా రొప్పేంత పనీ, కండకీ ఎముకకీ బరువు తగిలే పనీ ఉండాలి. ఇక వాస్తవం. 146 దేశాల్లో 16 లక్షల మంది బడిపిల్లల సమాచారం కలిపి చూస్తే, 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మంది ఆ 60 నిమిషాలు అందుకోలేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. మన పిల్లలు బద్ధకస్తులైపోయారని ఫోన్ మీదకి తోసేయకండి. ఫోన్‌కి దాని పాపం దానికుంది. గ్రౌండులో లైన్లో నిలబెట్టింది మాత్రం ఫోన్ కాదు.

"గట్టిగా" అంటే ఎంత? వాచీలు అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడగలుగుతున్నాడు గానీ పాట పాడలేకపోతున్నాడంటే మధ్యరకం శ్రమ. రెండు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ. హాయిగా పాట పాడేస్తుంటే ఇంకా సిగ్నల్ దగ్గరే ఉన్నాడు.

ఇప్పుడు దారి తెరవడం ఎలాగో చూద్దాం. అసలు ఇబ్బంది రోడ్డుకి ఒకే లేన్ ఉండటం. 24 బళ్ళు, ఒక లేన్.

ఖోఖో తీసుకోండి. నాకు ప్రాణమైన ఆట, అయినా నిజం చెప్పాలి. జట్టుకి 12 మంది. వరుసలో 8 మంది కూర్చుంటారు, ఒకడు తరుముతాడు, అవతలి జట్టు నుంచి ముగ్గురే లోపలికొస్తారు. ఏ క్షణంలో చూసినా 24 మందిలో పరిగెత్తేది నలుగురు, అంటే ఆరోవంతు. టోర్నమెంటుకి ఆ నియమం ఉండాల్సిందే. క్లాసుకి ఎందుకు? వరుసలో నలుగురినే కూర్చోబెట్టండి. తరిమేవాడొకడు, తప్పించుకునేవాళ్ళు ముగ్గురు. మొత్తం 8 మంది, వాళ్ళలో నలుగురు పరుగులోనే. 48 మందికి ఇలాంటి వరుసలు 6 వేస్తే సరి. స్తంభాలు కూడా వద్దు, సున్నంతో గుర్తులు చాలు. రెండు నిమిషాలకోసారి పాత్రలు మార్చండి. ఖర్చు ఒక డబ్బా సున్నం.

[తెర మీద: పైనుంచి చూసినట్టు ఆరు వరుసల బొమ్మ]

బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 వెడల్పు. అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 7 మీటర్లు బై 15. ముక్కకి ఆరుగురు, ముగ్గురికి ముగ్గురు. బుట్ట అక్కర్లేదు. చివరి గీత అవతల నిలబడ్డ తనవాడి చేతిలోకి బంతి వేస్తే పాయింటు. ఇక్కడ 24 మంది. మిగతా 24 మందికి ఎనిమిది చోట్లు, చోటుకి ముగ్గురు: తాడాట, గోడకి పుషప్, మెట్టెక్కి దిగడం, గుంజీళ్ళు, ప్లాంక్, 10 మీటర్ల షటిల్ పరుగు, జంపింగ్ జాక్స్, రెండు చేతుల్లో లీటరు నీళ్ళ సీసాలతో చకచకా నడక. 40 సెకన్లు పని, 20 సెకన్లు పక్క చోటుకి మారడం. ఎనిమిది నిమిషాల్లో రౌండు పూర్తి. తర్వాత రెండు గుంపులూ తారుమారు.

హాజరు కోసం లైను కట్టించొద్దు. అందరూ నెమ్మదిగా జాగింగ్ చేస్తుంటే సార్ పక్కన నిలబడి పేర్లు టిక్కు పెట్టుకోవచ్చు. ఆ 5 నిమిషాలు వార్మప్‌లోకి వచ్చేశాయి. ఇప్పుడు ఒక్కొక్కరికి చక్రం తిరిగిన టైం: జాగింగ్ 5, ఆట 8, ఎనిమిది చోట్లలో అసలు పని 5 నిమిషాల 20 సెకన్లు. మొత్తం 18 దాటింది. పీరియడ్‌లో సగం సేపైనా పిల్లలు కదలాలన్నది వ్యాయామ బోధనలో వాడుకలో ఉన్న గీటురాయి. మనం దాదాపు అక్కడికి చేరాం, అదే గ్రౌండు, అదే సార్.

ఎక్కడ చెడుతుందో చెప్తాను. బంతులు నాలుగు కావాలి. బడి బీరువాలో పది ఉంటాయి, గాలి ఉన్నది ఒకదాంట్లో. పంపు సూది దొరకదు. నవ్వులాటకి అనడం లేదు, పీటీ పీరియడ్లని ఎక్కువగా చంపేది ఆ సూదే.

రెండోది, అవుటైతే బయట కూర్చోబెట్టే ఆటలు. ముందు అవుటయ్యేది ఎవరు? అందరికంటే నెమ్మదిగా కదిలేవాడు. కదలిక ఎవరికి ఎక్కువ కావాలో వాణ్ణే ముందు రోడ్డు పక్కన పార్క్ చేశాం! అవుటైతే 10 గెంతులు గెంతి మళ్ళీ లోపలికి రమ్మనండి.

మూడోది, శిక్షగా పరుగు. "హోంవర్క్ తేలేదా, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టు." చెడ్డపని చేస్తే వచ్చేది పరుగు అని పన్నెండేళ్ళ బుర్రలో గట్టిగా ముద్ర వేసి, నలభయ్యేళ్ళప్పుడు కబ్బన్ పార్కుకి వాకింగ్ వెళ్ళమంటే ఎలా వెళ్తాడు?

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో 600 మీటర్ల పరుగు-నడక ఉంది కదా. చాలాచోట్ల ఏడాదికోసారి, అందరి ముందూ, ఉన్నపళంగా పెట్టేస్తారు. పిల్లలు మొదటి వంద మీటర్లు చిరుతల్లా దూసుకుపోయి, మూడొందల దగ్గర డొక్క పట్టుకుని కూలబడతారు. ముందు నెల రోజులు అలవాటు చేయండి. మొదటి రెండు వారాలు ఒక నిమిషం జాగింగ్, ఒక నిమిషం నడక, ఆరుసార్లు. తర్వాతి రెండు వారాలు రెండు నిమిషాల జాగింగ్, ఒక నిమిషం నడక, నాలుగుసార్లు. మొత్తం 12 నిమిషాలే. ఎవరి టైం వాళ్ళ పుస్తకంలోనే రాసుకోవాలి, బోర్డు మీద కాదు.

[తెర మీద: నీలం రంగు మాత్ర]

అమ్మాయిల మాట. పదమూడేళ్ళు వచ్చేసరికి గ్రౌండు అంచున గుంపుగా నిలబడిపోతారు. "వాళ్ళకి ఇంట్రెస్టు లేదు" అనేస్తారు. బట్టలు మార్చుకోవడానికి గది ఉందా? పీటీ డ్రెస్సు తెల్ల ప్యాంటు ఎందుకు? ముదురు రంగు ట్రాక్‌ప్యాంటు పెడితే సగం భయం పోతుంది. ప్యాడ్లు స్టాఫ్‌రూములో తాళం వేసి కాదు, బాత్రూములోనే ఉండాలి.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అబ్బాయిల్లోనూ 31 శాతం. ట్యాంకులో పెట్రోలు లేని బండిని వెనకనుంచి హారన్ కొడితే కదులుతుందా? మెట్లెక్కితేనే ఆయాసపడే పిల్లని బద్ధకం అని తిట్టే ముందు హిమోగ్లోబిన్ చూపించండి. స్కూళ్ళలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. పిల్లలు దాన్ని కిటికీలోంచి ఎందుకు విసిరేస్తారంటే, ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది గనక. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇవ్వాలి. మాత్రకి అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ వద్దు, ఇనుము ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను.

క్యాంటీన్. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనూ, గేటుకి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నియమం పెట్టింది. 51వ మీటరు దగ్గర గోబీ మంచూరియా బండి ఉంటుందనుకోండి, అది వేరే వీడియో.

బడి బస్సు. సాయంత్రం ఇంటికి కిలోమీటరు ముందు స్టాపులో దింపమనండి, ఫుట్‌పాత్ ఉన్న దారైతేనే. చురుగ్గా నడిస్తే 12 నిమిషాలు, రోజువారీ 60లో అయిదో వంతు వచ్చేసింది.

పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి అంటే నటన అనుకోకండి. ఆట మొత్తం మాన్పించడం కాదు, కొన్నాళ్ళు గెంతులు తగ్గించి డాక్టరుకి చూపించండి.

నిద్ర: 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు. పొద్దున ఆరున్నరకి బస్సైతే రాత్రి తొమ్మిదిన్నరకల్లా లైటు ఆరాలి. ట్యూషన్ ఎనిమిదిన్నరకి అయ్యే ఇంట్లో అదెలా కుదురుతుందో మీరే చూసుకోండి.

పదో తరగతికి వస్తే డిసెంబరు నుంచి పీటీ పీరియడ్ లెక్కల సార్‌కి వెళ్ళిపోతుంది. "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు, కన్నడంలో కొంచెం సర్దుకోండని. మాడొద్దు. ఈ నెల పేరెంట్స్ మీటింగులో మార్కుల షీటు తీసుకున్నాక పీటీ సార్ దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళండి, ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళరు పాపం. గ్రౌండు ఎంతుందని అడక్కండి. "సార్, గాలి ఉన్న బంతులెన్ని? పంపు సూది నేను కొనివ్వనా?" అనండి.

[తెర మీద: సూది బొమ్మ. స్టాప్‌వాచ్ 00:00]