క్రికెట్ పిచ్చోడు, అటక మీద బ్యాట్

అందరికీ నమస్కారం. ఆకాశవాణి అనంతపురం వాళ్లు పదో తరగతి పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం నాలుగు మాటలు చెప్పమన్నారు, టైమేమో ఐదు నిమిషాలే ఇచ్చినారు, పొద్దున ఉగ్గాని తింటా తింటా రాసుకొచ్చిన కాగితం ఇది, నూనె మరకలుండాయి, మీకు కనపడవులే.

రిజల్ట్స్ వస్తే మన ఇళ్లల్లో ఒకటే ప్రశ్న. నీకేం ఇష్టంరా? వాడు క్రికెట్ అంటాడు, మనకు కోపమొస్తాది, ఎంపీసీలో చేర్పిస్తాం. అయిపాయె. అసలు ఆ ప్రశ్నే సరిగ్గా లేదంటా నేను. అది అడిగి దెబ్బతిన్నోణ్ణి కాబట్టి చెప్తాండా.

మా అక్క కొడుకు సంగతి. వాడికి చిన్నప్పట్నుంచీ క్రికెట్ పిచ్చి. ఆదివారమొస్తే తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉంటాడు. వాళ్ల నాయన తిడతాంటే నేనే అడ్డం పడి, పిల్లోడికి ఇష్టమున్నప్పుడు చేయనీ బావా అని చెప్పి, కశ్మీర్ విల్లో బ్యాట్ కొనిచ్చి, కోచింగ్‌లో కూడా చేర్పించినా. రెండు నెలలకే మానేసినాడు. బ్యాట్ అటకెక్కింది. నాకు ఒళ్లు మండింది, క్రికెట్ క్రికెట్ అని ఊరంతా తిరిగి ఇదేందిరా అని.

ఒకరోజు చీకటి పడినా ఇంటికి రాలేదని అక్క పంపిస్తే గ్రౌండ్‌కు పోయినా. మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది. గెలిచినోళ్లు పోయినారు, ఓడినోళ్లూ పోయినారు. వీడొక్కడే మెట్ల మీద కూర్చోని, సెల్ ఫోన్ లైటు నోట్లో కరుచుకోని, ఒళ్లో స్కోర్ బుక్ పెట్టుకోని రాస్తాండాడు. ఏంరా అంటే, "మామా, ఒక్క పరుగు తేడా వస్తాంది" అన్నాడు.

నాకేం తెలుసు, పోతే పోనీరా ఒక్క పరుగే కదా అన్నా. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు చెప్పినాడు. బ్యాట్స్‌మన్లు కొట్టిన పరుగులూ ఎక్స్‌ట్రాలూ కలిపితే టీమ్ స్కోరు రావాలంట. అవతల బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు, అంటే బాల్ బ్యాట్‌కు తగలకుండానే పరిగెత్తి తీసిన పరుగులు, కలిపినా అదే స్కోరు రావాలంట. వైడూ నోబాలూ బౌలర్ ఖాతాలోకి పోతాయి, బైలు, లెగ్‌బైలు పోవు. రెండు పక్కలా సమానం కాకపోతే ఎక్కడో తప్పు రాసినట్టు. ఒక్కో ఓవరూ వేలు పెట్టి చూసుకుంటా పోయి, పన్నెండో ఓవర్లో దొరకబట్టినాడు. అంపైర్ మోకాలు తట్టి లెగ్‌బై చూపిస్తే, వీడు దాన్ని ఎక్స్‌ట్రాల్లోనూ రాసి, బౌలర్‌కూ రాసేసినాడు. కొట్టేసి దిద్దినాడు. అబ్బా, ఆ మొహంలో వెలుగు చూడాల. సెంచరీ కొట్టినోడికి కూడా అంత ఉండదు.

అప్పుడు తెలిసింది నాకు. వాడికి క్రికెట్ ఇష్టమే, కానీ క్రికెట్‌లో వాడి పని బ్యాట్ కాదు. వాడి పని లెక్క. ఆటలో వాడి పని లెక్క.

అమెరికాలో జాన్ హాలండ్ అని ఒక సైకాలజిస్టు 1959లోనే చెప్పినాడు, ఇష్టాలను బట్టి మనుషుల్ని ఆరు రకాలుగా చూడొచ్చని. చేతుల్తో పనిచేసేవాళ్లు, కూపీ లాగేవాళ్లు, కళల వాళ్లు, పక్కోళ్లకు సాయం చేసేవాళ్లు, నలుగుర్ని ఒప్పించి పని నడిపేవాళ్లు, ప్రతిదీ పద్ధతిగా లెక్కగా ఉండాలనేవాళ్లు. ఎవరూ ఒక్కదాంట్లోనే ఉండరు, రెండు మూడు కలిసుంటాయి. మావాడు మాత్రం ఆరోదాంట్లో మొదటి బెంచీ. ఎవరు ఏ రకమో చెప్పే టెస్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రాయించండి తప్పులేదు, కాకపోతే వాటితో ఇష్టం తెలుస్తాది, చేతనవుతుందా లేదా అనేది తెలీదు. నాకైతే ఆ మెట్ల మీద చూసిందే పెద్ద టెస్టు.

ఎంపీసీ కాదని ఎంఈసీలో, అంటే లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉండే గ్రూపులో చేరినాడు, లెక్కలుండాయి కదా అని బావ కూడా నెమ్మదించినాడు. తర్వాత బీకాం. ఇప్పుడు ఇక్కడే ఒక అకౌంట్స్ ఆఫీసులో జీఎస్టీ పని. దుకాణం వాళ్ల కొనుగోలు బిల్లులు ఒక పక్క, సరుకు అమ్మినోళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ స్టేట్‌మెంట్ ఒక పక్క పెట్టుకోని ఏది కలవలేదో పట్టుకోవాల. అదే పని కదా! లెగ్‌బై బదులు ఇన్‌వాయిస్. 2024 సెప్టెంబర్‌లో మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు లీవు పెట్టి పోయినాడు, జనం సెల్ఫీల కోసం తోసుకుంటాంటే వీడు నోట్‌బుక్ తెరిచి బాల్ బాల్‌కీ రాసుకుంటా కూర్చున్నాడంట.

కాబట్టి ఈ పూట ఒక్కటే అడగండి. ఏం ఇష్టం అని కాదు. దాంట్లో నువ్వేం చేస్తాంటావు అని అడగండి. యూట్యూబ్ పిచ్చి అంటారే, వాడు ఎడిటింగ్ చేస్తాడా, కెమెరా ముందు మాట్లాడతాడా, పదిమందిని పోగేసి షూటింగ్ నడిపిస్తాడా? మూడూ వేరే వేరే పనులు, వేరే వేరే చదువులు. మాటల్లో చెప్పలేకపోతే ఒక వారం గమ్మున పక్కన కూర్చోని చూడండి, మధ్యలో సలహా ఇవ్వకుండా. అది మనకు కష్టమే, నాకూ కష్టమే.

అద్దం అవతల నుంచి టైమైందని చెయ్యి ఊపుతాండారు. ఆ కశ్మీర్ విల్లో బ్యాట్ ఇంకా అటక మీదే ఉంది, ఎవరి పిల్లోడికైనా నిజంగా కొట్టడమే పని అయితే వచ్చి తీసుకుపోండి, కొత్తదాని మాదిరే ఉంది.