నిశ్చితార్థం ఉంగరానికి పచ్చా, కెంపా, నీలమా?

(క్లోజప్: పచ్చ ఉంగరం, పెచ్చు లేచిన మూల)

ఈ మూల చూశారా? గోరు పెట్టి రాస్తే గరుకుగా తగులుతుంది. ఇది మా అక్క నిశ్చితార్థం ఉంగరం. పెళ్లయిన రెండో ఏడు, గిన్నెలు తోముతుంటే కుళాయికి తగిలింది. అంతే. ఆ రోజు అక్క ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

రోజూ వేలికి ఉండే రాయికి ముందు గట్టిదనం చూడాలి. రాయి గీతలను ఎంత తట్టుకుంటుందో చెప్పే మోస్ కొలతలో వజ్రం 10. కెంపు, నీలం 9. పచ్చ 7.5 నుంచి 8. ముత్యం 4.5 కూడా దాటదు. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుకే 7! అంతకంటే మెత్తని రాయిని రోజూ తుడిచినా మెరుపు పోతుంది.

మరి పచ్చ ఎందుకు విరిగింది? గీత పడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు.

(స్క్రీన్ మీద: లెన్స్ కింద పచ్చ)

లోపల నాచు పరుచుకున్నట్టు సన్నటి పగుళ్లు చూడండి. సహజమైన పచ్చల్లో దాదాపు అన్నిటికీ ఇవి ఉంటాయి. కనబడకుండా నూనె పట్టిస్తారు. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, కానీ అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. శబ్ద తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో పెట్టి కడిగితే ఆ నూనె పోవచ్చు. పచ్చే కావాలంటే మూలల్లేని ఓవల్ తీసుకుని, చుట్టూ బంగారు అంచు కట్టించుకోండి.

నన్నడిగితే నీలం. బ్రిటన్ రాజకుటుంబంలో 1981లో డయానా వేలికి తొడిగిన 12 క్యారెట్ల సిలోన్ (శ్రీలంక) నీలమే 2010లో ఆమె కొడుకు విలియం పెళ్లాడబోయే కేట్ వేలికి వచ్చింది. మన ఇళ్లలో నీలం అనగానే శని, జాతకం అని టెన్షన్ మొదలవుతుంది. పెద్దవాళ్లను నొప్పించక్కర్లేదు. అదే జాతి రాయి గులాబీ రంగులోనూ దొరుకుతుంది, పసుపు రంగులోనూ దొరుకుతుంది. ఆ పసుపుదే మనం కనక పుష్యరాగం అనేది.

కెంపు కొంటే ఒక్క ప్రశ్న వదలొద్దు: "ఇందులో గాజు నింపారా?" వేడి చేసి రంగు తేల్చడం మామూలే, ఆ రంగు పోదు. సీసపు గాజు నింపిన కెంపు మాత్రం నిమ్మరసానికి కూడా పాడవుతుంది. పులిహోర కలిపే చేతికి అది పనికిరాదు. నోటిమాట నమ్మకండి, ల్యాబ్ రిపోర్టు అడగండి.

అక్క పచ్చకు మూలలు గుండ్రంగా సాన పట్టించాం. రాయి కాస్త చిన్నదైంది. ఇప్పుడు అంట్ల దగ్గరికి వెళ్లేముందు ఉంగరం తీసి, కిటికీలో ఉన్న కుంకుమ భరిణె పక్కన పెడుతోంది.