ఒకటే క్యాంపు, ఒకటే జీతం: మలయాళీకి మిగిలేది మనోళ్లకెందుకు మిగలదు?

(గల్ఫ్ కుటుంబాల కోసం ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం. కాలర్ల పేర్లు తీసేశాం, మాటలు వాళ్లు అన్నట్టే ఉంచాం.)

నిర్వాహకురాలు: నమస్కారం. గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చి, ఇప్పుడు కార్మికుల కేసులు చూస్తున్న సార్ ఇవాళ మనతో ఉన్నారు. మొదటి కాల్ జగిత్యాల జిల్లా నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. మా ఆయన షార్జాల ఉంటడు. పోయి రెండేండ్లయితంది. ఆయన రూంల ఒక మలయాళాయన ఉన్నడట. ఇద్దరిది ఒక్కటే కంపెనీ, ఒక్కటే పని, జీతం సుత ఒక్కటే. గాయన ఊర్ల ఇల్లు మొదలువెట్టిండట. మాకేమో బాకే తీరుతలేదు. అడిగితే మా ఆయన కోపానికస్తండు. పైసలు యాడనన్న పెడుతుండా, తాగుతుండా అని మనసుల పడ్డది సార్.

సలహాదారు: ఆ మాట ఆయనతోని అనకు బిడ్డా, ముందుగాల లెక్క చూద్దాం. ఏజెంటుకు ఎంత ఇచ్చిన్రు?

కాలర్: లక్షా నలభై వేలు. ఊర్లనే తెచ్చినం, మూడు రూపాల మిత్తికి.

సలహాదారు: జీతం?

కాలర్: వెయ్యి దిర్హాంలు. ఇంటికి నెలకు పదిహేను వేలు పంపుతడు.

సలహాదారు: అయితే విను. లక్షా నలభై వేలకు మూడు రూపాల మిత్తి అంటే నెలకు 4,200. రెండేండ్లకు లక్షా 800. మిత్తే అంతయింది, అసలు అట్లనే ఉంది. పంపిన పదిహేను వేలల్ల నాలుగు వేల రెండు వందలు నీ చేతికి రాకముందే పోతున్నయి. ఆయన తాగుడు సంగతి నాకు తెల్వది గని, ఈ పైసలు మాత్రం తాగలేదు. ఆ మలయాళాయనకు వీసా ఎవలు పంపిన్రో అడిగినవా?

కాలర్: వాళ్ల మేనమామ అదే కంపెనీల ఉన్నడట సార్.

సలహాదారు: అదే తేడా. మేనమామ వీసా పంపితే ఏజెంటు లేడు, బాకీ లేదు. మొదటి నెల జీతం నుంచే మిగులు మొదలైతది. ఇద్దరూ ఒకే ఎండల పనిచేస్తున్నరు. ఒకాయన సున్నా కాడ మొదలుపెట్టిండు, మనాయన లక్షా నలభై వేల గుంతల మొదలుపెట్టిండు.

నిర్వాహకురాలు: వాళ్లకి అంతమంది మేనమామలు ఎక్కడినుంచి వచ్చారు సార్?

సలహాదారు: వాళ్లు ముందు పోయిన్రు మేడమ్. 1960లలోనే మలబార్ తీరం నుంచి లాంచీలెక్కి, ఇప్పటి యూఏఈల ఉన్న, అప్పట్ల రేవు కూడా లేని ఖోర్ ఫక్కన్ ఒడ్డున దిగి నడుచుకుంటూ పోయినోళ్లున్నరు. 1973ల చమురు ధర పెరిగి గల్ఫ్‌ల కట్టడాలు మొదలయ్యేసరికి వాళ్లకు అక్కడ తెలిసిన మనిషి ఉన్నడు. పైగా పదో తరగతి పాసైనోళ్లు, టైపు నేర్చినోళ్లు, నర్సింగు చదివినోళ్లు పోయిన్రు. మన కరీంనగర్, నిజామాబాద్ నుంచి పోయినోళ్లు ఎవలు? బోరెండిపోయిన రైతు, సాంచెలు బందయిన నేత కార్మికుడు. చదువు తక్కువ, చేతిల బాకీ కాగితం. నేను కోపంతోని చెప్తున్న అనుకోకున్రి, మన ఊర్లల్ల ముందు పోయినోడు కొన్ని తావుల చుట్టమై వీసా పంపలేదు. సబ్ ఏజెంటై కమీషన్ తిన్నడు.

కాలర్: మరి ఇప్పుడు నేనేం జెయ్యాలె సార్?

సలహాదారు: మహిళా సంఘంల ఉన్నవా?

కాలర్: ఉన్న సార్, పదేండ్ల సంది.

సలహాదారు: మంచిగైంది. సంఘం మీద బ్యాంకు లింకేజీ లోను అడుగు. అదొచ్చిన దినమే మూడు రూపాల బాకీ తీర్చి నోటు చింపిచ్చుకో. ఆ పైసలు ఇంకోదానికి పెట్టకు, గాజులకు గాదు, బోరుకు గాదు. బ్యాంకు మిత్తి ఇప్పటి దాంట్ల మూడో వంతు కూడా ఉండదు. ఇగ మీ ఆయన కోపం గురించి ఒక్కమాట. రూంల పక్క మంచమోడు ఇంటి ఫోటోలు చూపిస్తుంటే ఆయనకు లోపల ఎట్లుంటదో ఆలోచించు. ఈ లెక్క ఫోన్ల ఆయనకు చెప్పు. తప్పు ఆయనది కాదని తెలిస్తే కొంచెం మెత్తబడతడు.

కాలర్: సరే సార్. సోమవారం సంఘం మీటింగున్నది, అడుగుత.

నిర్వాహకురాలు: తర్వాతి కాల్ సిరిసిల్ల నుంచి.

కాలర్: నమస్తే అన్నా. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన. ఒకాయన దుబాయ్‌కి విజిట్ వీసా మీద పంపుత, అక్కడికి పోయినంక జాబు చూసుకో అంటున్నడు. తొంబై వేలు అడుగుతుండు. విజిట్ మీద మంచిది కాదని మా నాయిన అంటడు. గని కేరళ పోరగాళ్లు అందరు గట్లనే పోయి జాబు కొట్టుకుంటున్నరు కదా అన్నా?

సలహాదారు: పోతున్నరు, నిజమే. వాడు దిగినంక అక్క ఇంట్ల పండుకుంటడు, బావ పదిమందికి ఫోన్ చేస్తడు, మూడు నెలలు దాటినా తిండికి లోటుండదు. నువ్వు ఎవరింట్ల పండుకుంటవ్?

కాలర్: ఏజెంటే రూం ఇస్తడట.

సలహాదారు: రూం ఇచ్చెటోడు కిరాయి కూడా అడుగుతడు. విజిట్ గడువు దాటినంక దినానికింత జరిమానా పడతది. అప్పుడు ఏ పనంటే ఆ పని, ఎంతంటే అంత. జనం దాన్నే ఖల్లివెల్లి అంటరు. అకామా, అంటే అక్కడ ఉండేటందుకు ఇచ్చే కార్డు, ఉండదు, జీతం ఎగ్గొట్టినా అడిగే తావుండదు. 2024ల యూఏఈ చట్టం మార్చింది. పర్మిట్ లేకుండ పెట్టుకున్న కంపెనీకి లక్ష దిర్హాంల నుంచి పది లక్షల దాకా జరిమానా. అందుకని పేరున్న కంపెనీ ఇప్పుడు విజిటోన్ని ముట్టదు. ముట్టేది ఎసుంటోళ్లో నువ్వే అర్థం చేసుకో. నీ దగ్గర ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, నీకు ఈ గతి అవసరం లేదు.

కాలర్: మరి ఎట్ల పోవాలె అన్నా?

సలహాదారు: కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల ఏజెంటు పేరు కొట్టు. లైసెన్సు ఉంటే కనిపిస్తది. లేకపోతే అక్కడికే ఆపేయ్. రూల్ ప్రకారం లైసెన్సు ఏజెంటు సర్వీసు చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోవద్దు. రసీదు అడుగు. రసీదనంగనే మొఖం మాడ్చుకుంటే మీ నాయిన మాట విను. బయటి దేశాల కొలువులకు పంపే సంస్థ తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ ఉంది, అక్కడ పేరు రాయించు. ఆలస్యమైతది, తప్పదు. ఇంకొకటి, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ రెండేండ్లకు 275 రూపాల ప్రీమియం. ప్రమాదంల చనిపోయినా, శాశ్వతంగ అంగవైకల్యం అయినా 10 లక్షలు. గని మామూలు గుండెపోటుకు ఆ పది లక్షలు రావు. ఇది చాలామందికి శవం ఇంటికొచ్చినంకనే తెలుస్తది.

నిర్వాహకురాలు: లైన్లో రాయచోటి వైపు నుంచి ఒకరున్నారు. చెప్పమ్మా.

కాలర్: సార్, మా యమ్మ కువైట్‌లో ఉండాది. ఖద్దామా పనికి, అంటే ఇంటి పనికి పోయి మూడేండ్లాయ. రెణ్ణెల్ల నుంచి జీతం ఇయ్యలేదంట. పాస్‌పోర్టు ఇంటి యజమాని బాబా కాడనే ఉండాది. ఆ ఇంట్లో పెద్దాయన్ని సూసుకునేదానికి మలయాళం నర్సమ్మ ఒకామె వస్తాదంట. ఆమెకు డ్యూటీ టయిముండాది, సెలవుండాది. మా యమ్మకు పొద్దన్నుంచి రాత్రి దాకా పనే. ఇద్దురూ ఆడోళ్లే కదా సార్, ఇద్దురూ మన దేశమే కదా. ఎందుకిట్ల?

సలహాదారు: మంచి ప్రశ్న అడిగావమ్మా. ఆ నర్సు ఏదో ఆసుపత్రి తరఫున వచ్చే ఉద్యోగి అయ్యుంటుంది. ఆమెకు వర్తించేది కార్మిక చట్టం. మీ అమ్మది ఇరవై నంబరు వీసా, ఇంటి పని వీసా. ఆ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకు వర్తించదు. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ విడిగా చట్టం చేసింది 2015లో. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు. కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టారు. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఇంటి తలుపు లోపల చూసే అధికారే ఉండడు. కొట్టాయం నుంచి నర్సు పోయినా, రాయచోటి నుంచి మీ అమ్మ పోయినా దిగింది ఒకే విమానాశ్రయంలో. చదువు సంగతి సరే. ఆ నర్సు వెనక ఆసుపత్రి ఉంది, పదిమంది చూస్తుంటారు, మీ అమ్మను చూసేవాళ్లు లేరు. అసలు తేడా అక్కడ వచ్చింది.

కాలర్: వేరే ఇంటికి పోతానంటాంది సార్. అక్కడ మాకు తెల్సినోళ్లు పని సూపిస్తామన్నారంట.

సలహాదారు: వద్దు, వద్దు. ఆ పని మాత్రం చేయొద్దని ఇవాళే చెప్పు. ఇంట్లోంచి పోయి ఇంకో ఇంట్లో చేరితే యజమాని పరారీ కేసు పెడతాడు. అప్పుడు రావలసిన జీతం పోతుంది, పైగా తప్పు ఆమెదవుతుంది. బయటికి రావలసి వస్తే నేరుగా భారత ఎంబసీకే పోవాలి. ఇట్లాంటి ఆడవాళ్లను ఉంచడానికి అక్కడ షెల్టరుంది. నువ్వు ఇక్కడినుంచి విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, జీతం ఆగిన నెలలు, ఆ ఇల్లున్న ఏరియా, ఇవన్నీ రాయి. పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో ఉందా?

కాలర్: ఉండాది సార్. ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టినా.

సలహాదారు: శభాష్. ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. రాసుకో. ఇంకో మాట, ఈసీఆర్ అంటే పది పాసు కానివాళ్లకు ఇచ్చే, పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావలసిన పాస్‌పోర్టు. ఆ ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లను ఇంటి పనికి పంపాలంటే 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. ఆంధ్రలో అయితే ఓంక్యాప్. రేపు మీ చెల్లెలో, వదినో పోతానంటే ఈ సంగతి ముందే చెప్పు.

నిర్వాహకురాలు: కామారెడ్డి నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

కాలర్: నేను సౌదీల ఇరవై ఏండ్లు చేసి అచ్చిన. మీరు అనవసరంగ ఏజెంట్లను అంటున్రు. మలయాళోళ్లకు ఐకమత్యం ఉంటది, పొదుపుంటది. మనోళ్లు పండుగకో దావతు, పెండ్లికో దావతు. గదీ అసలు సంగతి.

సలహాదారు: దావతుల మాట కొట్టెయ్యను పెద్దన్నా. గని ఐకమత్యం పుట్టుకతోని రాదు, దానికి ఒక ఆఫీసు, ఒక రిజిస్టరు ఉండాలె. కేరళ 1996లనే ప్రవాసుల కోసం నోర్కా అని ప్రత్యేక శాఖ పెట్టింది. 1998ల మొదలుపెట్టి 2018 దాకా తిరువనంతపురంల ఉన్న సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఇంటింటికి పోయి, ఎవరు ఎక్కడున్నరు, ఎంత పంపిన్రు అని సర్వే చేసింది. 2023ల వేరే సంస్థలు చేసిన సర్వేల 22 లక్షల మంది బయట ఉన్నరని, 2 లక్షల 16 వేల కోట్లు పంపిన్రని తేలింది. లెక్క ఉంటే అడిగే నోరుంటది. ప్రవాసుల సంక్షేమ చట్టం 2008ల వచ్చింది. నెలనెల చందా కట్టినోనికి అరవై దాటినంక పింఛను వస్తది. మీకు సౌదీ నుంచి అచ్చినంక ఏం పింఛను వస్తంది?

కాలర్: ఏం పింఛను సార్... ఆసరా పింఛనే దిక్కు.

సలహాదారు: చూసిన్రా. మీ లెక్కనే కష్టపడ్డ కోజికోడ్ ఆయనకు కార్డుంది, పింఛనుంది. ఇక్కడ 2024ల గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం జీవో వచ్చింది, ప్రజాభవన్‌ల ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. మంచిదే, నేను ఎవరికన్న ఇప్పించేటప్పుడు సంతోషపడత. గని బతికొచ్చినోనికి ఏం లేదు. మన సర్కారు శవపేటిక కాడ మొదలుపెట్టింది, వాళ్లు ఎయిర్‌పోర్టు కాడ మొదలుపెట్టిన్రు.

కాలర్: గది నిజమే.

నిర్వాహకురాలు: అంటే కేరళ వాళ్లకి కష్టాలే లేవా సార్?

సలహాదారు: ఎందుకు లేవు? క్యాంపుల్ల మలయాళీలు కూడా ఉన్నరు, బాకీలల్ల కూడా ఉన్నరు. అదే 2023 సర్వేల తిరిగొచ్చినోళ్లు 18 లక్షలు, అంతకు అయిదేండ్ల ముందు 12 లక్షలే. పెద్ద ఇల్లు కట్టి తాళమేసి, ముసలి తల్లిదండ్రులను అందులనే వదిలిపెట్టిన ఊర్లున్నయి అక్కడ. మన దిక్కు మోసం చేసేది మొత్తం లెక్క. రిజర్వు బ్యాంకు లెక్కల 2023-24ల దేశానికొచ్చిన ప్రవాస డబ్బుల కేరళ వాటా 19.7 శాతం, తెలంగాణ 8.1, ఆంధ్ర 4.4. మన ఎనిమిది శాతంల అమెరికా సాఫ్ట్‌వేర్ డాలర్లు కూడా కలిసే ఉన్నయి. డల్లాస్ ఇంజనీరు పైసలతోని షార్జా మేస్త్రీ బాగున్నడని చెప్పుకునేటట్టుంది ఆ లెక్క. మేస్త్రీని మేస్త్రీతోనే పోల్చి చూడాలె.

నిర్వాహకురాలు: చివరగా వాట్సాప్‌లో ఒక ప్రశ్న, ధర్మపురి నుంచి. "మా తమ్ముడు పది ఫెయిల్. పది పాసైతే పాస్‌పోర్టు మారుతుందంట, నిజమా?"

సలహాదారు: నిజమే. ఓపెన్ స్కూల్ల పది కట్టి పాసయితే ఈసీఆర్ ముద్ర లేని పాస్‌పోర్టు వస్తది, జీతం మాట్లాడుకునే కాడ కూడా పనికొస్తది. గని ఆ పాస్‌పోర్టుతోని పోయేటోనికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరముండదు కాబట్టి బీమా దానంతట అది రాదు. ఆ 275 పాలసీ తనకు దొరుకుతదా అని తనే అడిగి తెలుసుకోవాలె. అడ్మిషన్లు ఎప్పుడో మండలంల ఓపెన్ స్కూల్ సెంటర్ ఉన్న హైస్కూల్ల అడగమనున్రి.

నిర్వాహకురాలు: టైమ్ అయిపోయింది. వచ్చే ఆదివారం సౌదీ, ఒమన్ నుంచి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) మీద తిరిగొచ్చేవాళ్ల ప్రశ్నలు తీసుకుంటాం.