మౌత్‌పీస్ ఇరుక్కున్న రాత్రి

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న అందరికీ నమస్కారం. నాకు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. కార్యదర్శి గారి చేతిలో గంట కూడా కనిపిస్తోంది. అందుకని దాతల పేర్లు మళ్లీ చదవను, క్షమించాలి.

మొదటి వరుసలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది, ఈ రోజు మనం సన్మానిస్తున్న మా పిల్లల హైస్కూలు బ్యాండ్ డైరెక్టర్ గారు. ఈ ఏడాది ఆయనను ఫై బీటా మ్యూలో చేర్చుకున్నారు. గ్రీకు అక్షరాలు వినగానే కాలేజీ కుర్రాళ్ల పార్టీలు గుర్తుకొస్తాయి. ఇది అది కాదు. బడుల్లో బ్యాండు నేర్పే గురువుల గౌరవ సంఘం. 1937లో ఈ టెక్సస్‌లోనే పుట్టింది. స్థాపించిన కర్నల్ ఎర్ల్ ఐరన్స్ ఆర్లింగ్టన్ కాలేజీ బ్యాండును నడిపారు, ట్రంపెట్ లాంటి కార్నెట్ వాయించేవారు. ఆయన రాసిన సాధన పాఠాలు ట్రంపెట్ పిల్లలు నేటికీ వాయిస్తారు. మావాడూ వాయించేవాడు. తలుపు వేసుకో నాయనా అనేవాణ్ణి.

బ్యాండు వల్ల చదువు పాడవుతుందని మన భయం. చదువులో తప్పితే పోటీకి వెళ్లకూడదని ఈ రాష్ట్రంలో 1984లోనే చట్టం చేశారు. పిల్లల ఆల్జీబ్రా మార్కులు మనకన్నా ముందు ఆయనే చూస్తారు. సరే, దాని గురించి ఇంకా చెప్పాలనుకున్నాను కానీ, అసలు విషయం వేరే ఉంది.

పోటీకి ముందు రాత్రి మావాడి ట్రంపెట్‌లో మౌత్‌పీస్, అదే పెదవులకు ఆనించి ఊదే ముక్క, ఇరుక్కుంది. ఇంజినీరును కదా, ప్లయర్స్ తీసుకుని తిప్పాను. మౌత్‌పీస్ రాలేదు, గొట్టం మెలి తిరిగింది. తెల్లవారి ఆయన సొరుగులోంచి చిన్న పరికరం తీసి, రెండు మరలు తిప్పేసరికి టక్కున ఊడింది. మెలి తిరిగిన గొట్టాన్ని చూశారు, నన్ను చూశారు. ఒక్క మాట అనకుండా బడి ట్రంపెట్ తెచ్చి వాడి చేతిలో పెట్టారు.

మరుసటి ఏడు ర్యాంకు కోసం వాణ్ణి బ్యాండు మాన్పించడానికి కాగితం పట్టుకుని వెళ్లింది నేనే. ఆయన సంతకం పెట్టి, "శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకు వస్తాడు కదా?" అని అడిగారు.

వచ్చాడు. మాకు రెండు మెట్లు కింద కూర్చున్నాడు. మైదానంలో బ్యాండు మొదలవగానే వాడి కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద నొక్కుతూ, లేస్తూ, నొక్కుతూ. పాట అయ్యేదాకా అంతే. మా ఆవిడ చూసింది. నేను స్కోరుబోర్డు చూశాను.

గంట వినిపించిందండీ, ఒక్క నిమిషం. అలాంటి కాగితం పట్టుకుని వెళ్లినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు, నాకు తెలుసు. చేతులెత్తకండి, పక్కన పిల్లలున్నారు.

ఆయన నవ్వుతున్నారు. ట్రంపెట్ అన్న మాట తప్ప ఇంకేమీ అర్థమై ఉండదు. ఆ శాలువా ఇటివ్వండి, కప్పేటప్పుడు ఇదంతా ఆయనకు ఇంగ్లీషులో నేనే చెప్పుకుంటాను. మా అబ్బాయిని అనువాదానికి పిలవకండి.